డెబ్భై ఐదుగురు రాసిన పుస్తకం

1989లో ఢిల్లీలోని కాళీ ఫర్ విమెన్ అనే చిన్న ప్రచురణ సంస్థ హిందీలో ఒక పుస్తకం తెచ్చింది. పేరు 'శరీర్ కీ జాన్‌కారీ'. శరీరం గురించిన ఎరుక అని తెలుగులో చెప్పుకోవచ్చు. అందులో నిండుగా బట్టలు కట్టుకున్న ఒక రాజస్థానీ స్త్రీ బొమ్మ ఉంటుంది. ఆమె ఘాగ్రా మాత్రం పైకి లేచే కాగితపు రెక్క. దాన్ని ఎత్తితే కింద ఒంటి నిర్మాణం కనిపిస్తుంది. వదిలేస్తే బట్ట మళ్ళీ ఒంటిమీదికి వస్తుంది. చూడాలనుకున్నవాళ్ళు, చూడాలనుకున్నప్పుడు, చూడాలనుకున్నంతే చూస్తారు.

ఈ రెక్క ఏ చిత్రకారుడికో తట్టిన చమత్కారం కాదు. అజ్మీరు జిల్లా పల్లెల ఆడవాళ్ళు ఒక బొమ్మను తిరగ్గొట్టి, దాని బదులు తామే చెప్పి గీయించుకున్న దిద్దుబాటు. సొంత అనుభవాన్ని నలుగురిలో పెట్టి తరచి చూసుకోవడానికీ, ఊరి సంగతిని ఊరివాళ్ళే పరిశోధించుకోవడానికీ చిన్న పుస్తకం తయారుచేయడం ఒక పద్ధతి అని ఇవాళ విశ్వవిద్యాలయాలు అంటున్నాయి. ఆ పద్ధతికి వాడుకలో ఉన్న పేరు 'జీన్ తయారీ'. పేరు కొత్తదే గాని పని పాతది. దాని చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేవి మూడు ఊళ్ళు: బోస్టన్, అజ్మీరు, హైదరాబాదు.

ముందు మాట సంగతి. 'జీన్' అన్నది 'ఫ్యాన్‌జీన్'కు తోక. అమెరికాలో సైన్స్ కల్పనా కథల అభిమానులు తమలో తాము పంచుకోవడానికి తీసిన పత్రికలివి. 1930లో వచ్చిన 'ది కామెట్'ను వీటిలో మొదటిదిగా చెబుతారు. 'ఫ్యాన్‌జీన్' అన్న పేరు పెట్టింది 1940లో రస్ షావెనే. స్టెన్సిల్ కోసి, సైక్లోస్టైల్ యంత్రంమీద తిప్పి, పిన్ను కొట్టి, పోస్టులో పంపుకునేవారు. 1970లలో జిరాక్స్ యంత్రాలు అందుబాటులోకి వచ్చాక లండన్‌లో పంక్ సంగీతం కుర్రాళ్ళు, 1990ల మొదట్లో అమెరికా పశ్చిమ తీరాన ఒలింపియా పట్టణం అమ్మాయిలు ఈ రూపాన్ని తమదిగా చేసుకున్నారు. న్యూయార్కులోని బార్నార్డ్ కళాశాల 2003 నుంచి వీటిని గ్రంథాలయంలో చేర్చి, కేటలాగులో ఎక్కించి భద్రపరుస్తోంది. జీన్ చరిత్రను సాధారణంగా ఈ అభిమానుల, సంగీతకారుల వరుసలోనే చెబుతారు. అది తప్పు కాదు, కానీ ఆ వరుసలో పరిశోధన కనిపించదు. తమకు తెలియనిదాన్ని తెలుసుకోవడానికి పదిమంది కూర్చుని పుస్తకం కుట్టుకున్న కథ వేరే దారిలో ఉంది.

మనకూ ఇది బొత్తిగా పరాయి రూపం కాదు. ఊరి గ్రంథాలయంలోనో, కళాశాల హాస్టల్లోనో ఒకే ఒక్క ప్రతిగా చేత్తో రాసి, బొమ్మలు వేసి, చేతులు మార్చుకుంటూ చదివిన లిఖిత పత్రికలు తెలుగునాట చాలాకాలం నడిచాయి. ఎందరో రచయితలకు తొలి అచ్చు కంటే ముందు తొలి చదువరులను ఇచ్చింది అవే. అయితే వాటి దృష్టి ఎక్కువగా సాహిత్యం మీద ఉండేది. నేను చెప్పబోయే పుస్తకాల దృష్టి మాత్రం తెలియనితనం మీద ఉంది.

1969 మే నెలలో బోస్టన్‌లోని ఇమ్మాన్యుయేల్ కళాశాలలో మహిళా విముక్తి సదస్సు ఒకటి జరిగింది. అందులో 'స్త్రీలు, వాళ్ళ శరీరాలు' అనే అంశంమీద ఒక చిన్న గోష్ఠి పెట్టారు. నడిపింది నాన్సీ మిరియం హాలీ. వచ్చినవాళ్ళు డాక్టర్ల దగ్గర తమకు ఎదురైన అనుభవాలు చెప్పుకున్నారు. మాట వినిపించుకోకపోవడం, అడిగిన ప్రశ్నకు చిన్నపిల్లకు చెప్పినట్టు జవాబు చెప్పడం, కాన్పు సమయంలో ఏం చేస్తున్నారో ఆ తల్లికే చెప్పకపోవడం, అన్నీ బయటికి వచ్చాయి. బోస్టన్‌లో నమ్మదగిన డాక్టర్ల జాబితా ఒకటి తయారుచేసి పంచుదామని కొందరు పూనుకున్నారు. జాబితా తయారవలేదు. మంచి డాక్టరంటే ఎవరో తేల్చాలంటే అసలు తమ ఒంటి గురించి తమకేం తెలుసో ముందు తేలాలి. అక్కడ వాళ్ళకు తెలిసింది చాలా కొద్ది.

ఇక్కడే వాళ్ళు చేసిన పని గమనించాలి. డాక్టర్ను పిలిచి ఉపన్యాసం పెట్టించుకోలేదు. ఒక్కొక్కరు ఒక్కో అంశం తీసుకున్నారు. గర్భం, కాన్పు, కాన్పు తర్వాతి దిగులు, గర్భనిరోధం, సుఖరోగాలు. వైద్య పుస్తకాలు చదివారు, డాక్టర్లనూ నర్సులనూ అడిగారు, చదివినదాన్ని తమ అనుభవం పక్కన పెట్టి చిన్న వ్యాసాలు రాశారు. ఆ వ్యాసాలే పాఠాలుగా ఆ శరదృతువులో ఇతర స్త్రీలకు తరగతులు నడిపారు. తరగతికి వచ్చినవాళ్ళు 'నాకు అలా జరగలేదు' అన్నప్పుడల్లా, 'ఇది కూడా చేర్చండి' అన్నప్పుడల్లా వ్యాసం మారింది. విన్నవాళ్ళు రాసేవాళ్ళయ్యారు. మసాచుసెట్స్‌లో పెళ్ళికాని స్త్రీకి గర్భనిరోధక సాధనం ఇవ్వడం 1972 దాకా చట్టవిరుద్ధమన్నది గుర్తుంటే, ఆ గదుల్లో మాట్లాడుకున్న మాటల బరువు అర్థమవుతుంది.

1970 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ ఫ్రీ ప్రెస్ అనే ఉద్యమ ముద్రణాలయం ఆ వ్యాసాలన్నిటినీ న్యూస్‌ప్రింటుమీద అచ్చువేసి, పిన్ను కొట్టి, 75 సెంట్లకు అమ్మింది. 193 పేజీలు. 5,000 ప్రతులు. పేరు సదస్సులో ఉన్నదే, 'స్త్రీలు, వాళ్ళ శరీరాలు'. మరుసటి ఏడాది పేరు మార్చారు, ధర తగ్గించారు. కొత్త పేరును తెలుగులో పెడితే 'మన శరీరాలు, మనం' అవుతుంది.

ఇంగ్లీషులో ఈ మార్పు ప్రథమ పురుషనుంచి ఉత్తమ పురుషకు జరిగినదిగానే కనిపిస్తుంది. తెలుగు దానికి ఇంకో మెలిక చూపిస్తుంది. మనకు 'మేము' వేరు, 'మనం' వేరు. 'మేము' అంటే వినేవాళ్ళు బయట ఉంటారు, 'మనం' అంటే లోపలికి వస్తారు. బోస్టన్ స్త్రీలు 'వాళ్ళ శరీరాలు' అని మొదలుపెట్టి 'మా శరీరాలు' దగ్గర ఆగిపోయి ఉంటే అది ఒక బృందం తన బాధ చెప్పుకున్న పుస్తకంగా మిగిలిపోయేది. తరగతికి వచ్చిన పరాయి మనిషి మాటకు పేజీలో చోటు ఇచ్చారు కాబట్టే అది 'మన' అయింది. సర్వనామం మారడానికి రెండేళ్ళ పని పట్టింది. నా దృష్టిలో ఈ పద్ధతి మొత్తానికి కొలబద్ద అదే. తయారైన పుస్తకం 'వాళ్ళు' అంటోందా, 'మేము' అంటోందా, 'మనం' అంటోందా?

పెద్ద ప్రకటనలేవీ లేకుండా నోటిమాటగా ఆ న్యూస్‌ప్రింటు పుస్తకం రెండు లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది. పన్నెండుమంది 1972లో బోస్టన్ విమెన్స్ హెల్త్ బుక్ కలెక్టివ్ అనే పేరుతో సంస్థగా నమోదయ్యారు. 1973లో సైమన్ అండ్ షుస్టర్ దాన్ని పెద్ద ఎత్తున ప్రచురించింది. ఆ ఒప్పందంలో ఆరోగ్య కేంద్రాలకు బాగా తగ్గింపు ధరకు ఇవ్వాలన్న షరతు వీళ్ళు పెట్టి సాధించుకున్నారు. పెద్ద ప్రచురణకర్త చేతికి వెళ్ళడంమీద అప్పట్లో ఉద్యమంలో వాదులాట జరిగింది. నాకు ఇరువైపుల మాటా నిజమే అనిపిస్తుంది. పుస్తకం చేరిన ఇళ్ళు ఎన్నో రెట్లు పెరిగాయి. అదే సమయంలో, నిన్న తరగతిలో ఎవరో అన్న మాట రేపటి పేజీలోకి ఎక్కే వీలు తగ్గిపోయింది. చిన్న పుస్తకానికి ఉండే అసలు బలం చౌకదనంలో ఉందని అనుకుంటాం. నిజానికి అది తేలిగ్గా దిద్దుకోగలగడంలో ఉంది.

బోస్టన్ నుంచి అజ్మీరుకు నేరుగా గీత గీయడం సరికాదు. అజ్మీరు కథకు సొంత మూలాలున్నాయి. రాజస్థాన్ ప్రభుత్వం 1984లో యూనిసెఫ్ తోడ్పాటుతో మహిళా అభివృద్ధి కార్యక్రమం మొదలుపెట్టింది. పల్లెల్లో పనిచేయడానికి ఆ ఊరి స్త్రీలనే ఎంచుకుని 'సాథిన్' అని పేరు పెట్టారు. తోడుగా ఉండే మనిషి అని దాని అర్థం. చాలామందికి అక్షరం రాదు. వీళ్ళ పని పథకాలు పంచడం కాదు, ఆడవాళ్ళను కూడగట్టి మాట్లాడించడం. కానీ ప్రభుత్వ యంత్రాంగానికి అప్పట్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల లక్ష్యాలుండేవి. కేసులు తెమ్మని సాథిన్‌లమీద ఒత్తిడి వచ్చింది. వాళ్ళు ఎదురు తిరిగారు. 1992లో బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు సామూహిక అత్యాచారానికి గురైన భటేరీ గ్రామ మహిళ కూడా ఒక సాథినే. ఆ దారుణం తర్వాత నడిచిన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు పనిచేసే చోట లైంగిక వేధింపుల నివారణకు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే 'శరీర్ కీ జాన్‌కారీ' పుట్టింది ప్రశాంతమైన తరగతి గదిలో కాదు. ఎవరి ఒంటిమీద ఎవరికి అధికారమన్న తగువు ఊరి నడిబొడ్డున సాగుతున్న కాలంలో పుట్టింది.

ఆరోగ్యం మీద శిబిరాలు పెట్టినప్పుడు ఆడవాళ్ళు మొదట అడిగినవి మందుల గురించి కాదు. ముట్టు ఎందుకొస్తుంది, ఆ రోజుల్లో వంటింట్లోకి ఎందుకు పోకూడదు, పిల్లలు కలగకపోతే తప్పు ఎవరిది, మగపిల్లాడా ఆడపిల్లా అన్నది ఎవరివల్ల తేలుతుంది. మన పల్లెల్లో 'బయట చేరింది' అనీ, 'దూరం' అనీ చాటు మాటలు వాడినట్టే అక్కడా చాటు మాటలున్నాయి. ఆ మాటలు విప్పి చెప్పుకుంటూ, బొమ్మలు గీసుకుంటూ, చేత్తో ఒక పుస్తకం తయారుచేసుకున్నారు. దాన్ని ఊళ్ళకు తీసుకెళ్ళి చూపించారు.

మొదటి బొమ్మల్లో శరీరం నగ్నంగా ఉంది. ఊళ్ళలో ఒప్పుకోలేదు. సంగతి ఇక్కడ ఆగిపోయి ఉంటే 'పల్లెవాళ్ళకు సిగ్గెక్కువ' అని నివేదికలో ఒక వాక్యం రాసి ఊరుకునేవారు. కానీ అభ్యంతరం చెప్పినవాళ్ళ మాటలో ఒక తర్కం ఉంది. మా ఊళ్ళో నగ్నంగా నిలబడ్డ ఆడమనిషి ఎక్కడా కనిపించదు, కనిపించనిదాన్ని గీసి ఇదే నిజమంటే ఎట్లా? వాళ్ళు అడిగింది బొమ్మ తీసెయ్యమని కాదు, బొమ్మ తమ లోకంలోది కావాలని. ఆ అభ్యంతరానికి జవాబుగా పుట్టిందే రెక్క. బట్ట ఉంటుంది, బట్ట కింద జ్ఞానమూ ఉంటుంది. ఐరోపాలో 1538లోనే స్ట్రాస్‌బర్గ్‌లో హైన్రిక్ ఫోగ్‌థెర్ ఎత్తి చూసే రెక్కలతో శరీర నిర్మాణ పటాలు అచ్చువేశాడు. అక్కడ రెక్క ఎత్తితే చర్మం తొలగి పేగులు కనిపిస్తాయి. అజ్మీరు రెక్కలో తొలగేది చర్మం కాదు, ఘాగ్రా. ఆ ఒక్క తేడాలో పుస్తకం ఎవరిదో తెలిసిపోతుంది.

పరిశోధన అంటే ఏమిటన్న ప్రశ్నకు నేను చూసిన జవాబుల్లో ఇంత తేటగా కనిపించేది మరొకటి లేదు. సర్వే చేసేవాళ్ళు వచ్చి 'మీకు శరీరం గురించి సిగ్గుందా' అని అడిగితే అవునో కాదో చెబుతారు, అంకె వస్తుంది. బొమ్మ గీసి చేతికిచ్చి 'ఇది సరిగ్గా ఉందా' అంటే, సరిగ్గా లేనిదేమిటో, ఎందుకు లేదో, ఎట్లా ఉంటే బాగుంటుందో చెబుతారు. పేజీయే ప్రశ్నాపత్రం, దిద్దుబాటే జవాబు.

చేతితో చేసిన ప్రతిని పట్టుకుని అజ్మీరు ఆడవాళ్ళు కాళీ ఫర్ విమెన్ దగ్గరికి వెళ్ళారు. ఊర్వశీ బుటాలియా, రితు మీనన్ 1984లో స్థాపించిన ఆ సంస్థ దేశంలో స్త్రీవాద ప్రచురణకు మొదటి మెట్టు. ఊర్వశీ బుటాలియా ఈ కథను తర్వాతి కాలంలో చాలా చోట్ల చెప్పారు. రాసినవాళ్ళు పెట్టిన షరతులు గట్టివి. దాన్ని తయారుచేసిన డెబ్భై ఐదుమంది పేర్లూ రచయితలుగా పుస్తకంలో ఉండాలి. పల్లె ఆడవాళ్ళకు అమ్మేటప్పుడు లాభం తీయకూడదు. ప్రచురణకర్తలు ఒప్పుకున్నారు. పుస్తకాల షాపుల అల్మారాలకంటే ఊళ్ళలోనే, చేతినుంచి చేతికి ఎక్కువగా వెళ్ళిన పుస్తకమిది.

ఇదే దశాబ్దంలో హైదరాబాదులో ఇంకో పాయ నడుస్తోంది. 1978లో ఏర్పడిన స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం సభ్యులు 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళారు. అక్కడ నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను పరీక్షించడానికి స్త్రీలను చేర్చుకుంటున్నారు. ఇది ప్రయోగమన్న సంగతీ, దానివల్ల రాగల ఇబ్బందులూ ఆ స్త్రీలకు సరిగా తెలియవని వీళ్ళు గమనించారు. సహేలీ తదితర సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకెక్కారు. తెలిసి ఒప్పుకోవడమన్నది న్యాయశాస్త్రంలో ఒక మాట. పటాన్‌చెరులో అది అక్షరాలా భాష సమస్య. గర్భసంచి ఎక్కడుంటుందో, సూదిమందు ఒంట్లో ఏం చేస్తుందో తెలుగులో చెప్పే నాలుగు పేజీలు లేనిచోట సంతకానికి విలువేముంటుంది?

అదే 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' వెలువరించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం మొదలైన పదహారుమంది స్త్రీల మాటలను టేపుమీద రికార్డు చేసి, మాట పోకుండా రాసిన పుస్తకమిది. 1989లో ఇంగ్లీషు రూపాన్ని ప్రచురించింది కూడా కాళీయే. పేరులో 'మన' రెండుసార్లు వచ్చింది. పరిశోధించినవాళ్ళు నగరంలో చదువుకున్న స్త్రీలు, చెప్పినవాళ్ళు ఎక్కువగా పల్లెల్లో పోరాడినవాళ్ళు. ఆ ఎడం పేరు పెట్టినంత మాత్రాన చెరిగిపోదని సంపాదకులకు తెలుసు. అయినా 'వాళ్ళ చరిత్ర' అనకుండా 'మన' అనడంలో ఒక బాధ్యత తలకెత్తుకున్నారు.

ఈ రెండు పనుల అనుభవం వెనక ఉండగా, 1985లో ఏర్పడిన అన్వేషి పరిశోధనా కేంద్రం ఆరోగ్య బృందం కృషితో 1991లో 'సవాలక్ష సందేహాలు' వచ్చింది. ప్రచురించింది హైదరాబాద్ బుక్ ట్రస్ట్. బోస్టన్ పుస్తకం 30కి పైగా భాషల్లోకి అనువాదంగానో, అనుసరణగానో వెళ్ళింది, ఆ వరుసలో దీన్నీ చెబుతారు. కానీ ఇది అనువాదంగా నిలబడగలిగేది కాదు. బోస్టన్ స్త్రీ పోట్లాట చాలావరకు అధికారం చలాయించే డాక్టరుతో. ఇక్కడి స్త్రీకి డాక్టరు దొరకడమే ఒక సమస్య, దొరికాక ఎదురయ్యేది ఇంకో సమస్య. రక్తం తక్కువ కావడం, తెల్లబట్ట, వరస కాన్పులు, పిల్లల ఆపరేషన్ క్యాంపులు, ఆకలి ఈ నేలమీది సంగతులు. ఈ కృషిలో పాలుపంచుకున్న వీణా శత్రుఘ్న అప్పట్లో జాతీయ పోషకాహార సంస్థలో వైద్య పరిశోధకురాలు. తిండిని పక్కన పెట్టి స్త్రీ ఆరోగ్యం మాట్లాడటం కుదరదన్న ఎరుక తెలుగు పనిలోకి ఆ దారిన కూడా వచ్చింది. పేరు చూడండి: ముందు నిలబెట్టింది జవాబులను కాదు, సందేహాలను. సవా లక్ష అంటే లక్షా పాతికవేలు. అడగడానికి సిగ్గుపడనక్కర్లేదు, మీ ఒక్కరిదే కాదు, ఇన్నున్నాయి అని పుస్తకం అట్టమీదే చెప్పేసింది.

ఆ పుస్తకం వచ్చిన పాతికేళ్ళకు, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంమొత్తంమీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. ఈ అంకెలు సర్వే చెప్పగలిగినంత చెబుతాయి. ముప్పై దాటీ దాటకముందే ఆ నిర్ణయానికి ఎట్లా వచ్చారు, ఎవరు చెప్పారు, కూలికి పోలేని రోజుల లెక్క ఎంత, 'పిల్లలు పుట్టాక ఇక ఆ సంచితో పనేముంది' అన్న మాట ఎవరి నోట మొదట విన్నారు అన్నవి అంకెల్లో దొరకవు. ఆ ఆడవాళ్ళు కూర్చుని ఒకరి పేజీ ఒకరు దిద్దుకుంటే దొరుకుతాయి.

చిన్న పాఠం ఎంత దూరం పోగలదో నెల్లూరు జిల్లా చూపించింది. అక్కడి అక్షరాస్యతా ఉద్యమంలో వాచకాల్లో తాగుడువల్ల నలిగిన సీతమ్మ కథ ఒక పాఠంగా ఉండేది. రాత్రి బడుల్లో దాన్ని చదివిన స్త్రీలు తమ ఇళ్ళ సంగతి మాట్లాడుకున్నారు. దూబగుంటలో రోశమ్మ తదితరులు సారా దుకాణం మూయించారు. ఆ సంగతి మళ్ళీ 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమై వాచకంలోకి ఎక్కి పక్క ఊళ్ళకు వెళ్ళింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. చదివినవాళ్ళ జీవితం తర్వాతి పాఠమైన ఈ తిరుగుడు, బోస్టన్ తరగతిలో వ్యాసం మారిన తీరుకు దగ్గరి చుట్టం.

ఇవాళ జీన్ తయారీ నేర్పేవాళ్ళు ఒక తెల్లకాగితంతో మొదలుపెడతారు. మూడుసార్లు సగానికి మడిస్తే ఎనిమిది గళ్ళు పడతాయి. విప్పి, నడిమి మడతమీద రెండు గళ్ళ పొడవున కత్తిరించి, మళ్ళీ మడిస్తే ఎనిమిది పేజీల పుస్తకం అవుతుంది. పిన్ను కూడా అక్కర్లేదు. గంటలో అయిపోతుంది, జిరాక్స్ తీస్తే పదిమందికి అందుతుంది. సామాజిక శాస్త్రాల్లో, ప్రజారోగ్యంలో, గ్రంథాలయాల్లో దీన్ని పరిశోధనా సాధనంగా వాడుతున్నారు. ఇంటర్వ్యూలో మాట రానివాళ్ళు కత్తెర పట్టుకుంటే చెబుతారన్నది అనుభవంలో తేలిన సంగతి. చేతికి పని ఉన్నప్పుడు నోరు తేలికపడుతుంది. వడియాలు పెడుతూ, విస్తళ్ళు కుడుతూ మాట్లాడుకున్న ఆడవాళ్ళకు ఇది ఒకరు చెప్పనక్కర్లేదు.

కానీ ఒక చిక్కు మిగిలే ఉంది. విశ్వవిద్యాలయ పరిశోధనలో నైతిక నియమం ఒకటుంది: పాల్గొన్నవాళ్ళ పేర్లు దాచాలి. వాళ్ళకు హాని జరగకుండా ఉండటానికి పెట్టిన నియమమది, చాలాచోట్ల అవసరమే. అయితే దాని నీడలో ఇంకోటి జరుగుతుంది. బొమ్మ గీసిన మనిషి 'పాల్గొన్న వ్యక్తి-7' అవుతుంది, దానిమీద వ్యాసం రాసిన మనిషి రచయిత అవుతుంది. ఆ ఎనిమిది పేజీలు ఎవరి పెట్టెలో ఉంటాయి, ఎన్ని ప్రతులు ఊరికి తిరిగి వెళతాయి అన్నది చాలాసార్లు ఎవరూ అడగరు. 1980ల చివర అజ్మీరు ఆడవాళ్ళు అడిగారు. బొమ్మకు బట్ట కట్టించి రెక్క పెట్టించుకున్న ఆ మనుషులే, ఒంటి సంగతులు రాసిన ఆ పుస్తకంలో తమ పేరు మాత్రం దాచవద్దన్నారు. సంతకం రానివాళ్ళున్నా సరే, డెబ్భై ఐదు పేర్లూ అచ్చులో పడ్డాయి.